ఫిల్టర్ మనది, తాళం వాళ్లదా?

మొన్న సార్వా దమ్ముల వేళ మా ఊళ్లో ఒక కొత్త ట్రాక్టర్ మూడు రోజులు పని లేకుండా నిలబడిపోయింది. ఇంజన్ చెడిపోలేదు. డీజిల్ అయిపోలేదు. గేర్ బాక్సు బాగానే ఉంది. పొగ గొట్టం దారిలో మసి నిండింది, అంతే.

ఆ బండి మా పిన్ని కొడుకుది. 55 హార్స్ పవర్. బ్యాంకు అప్పు మీద కొన్నాడు. సొంతం నాలుగెకరాలు, కౌలు ఇంకో పదెకరాలు. మిగతా రోజుల్లో బండిని బయటి పనులకు తోలితేనే వాయిదా కట్టగలడు. ఆ రోజుకు నాట్ల ముఠాకు అడ్వాన్సు ఇచ్చేశాడు. నారు ముదురుతోంది. వంతు నీళ్లు చేలో ఉన్నాయి. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంటే డ్రైవర్ వారం రోజులుగా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఎర్ర దీపం వెలిగింది. బండి ఒక్కసారిగా నీరసపడింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ అందుకోదు. కేజీ వీల్స్‌తో బురదలో ఉన్న బండిని గట్టెక్కించడానికే పక్క రైతు ట్రాక్టర్ కావలసి వచ్చింది.

ఊళ్లో మెకానిక్ వచ్చి చూశాడు. ఇరవై ఏళ్లుగా మా ఊరి ఇంజన్లన్నీ విప్పి బిగించిన మనిషి. "అన్నా, దీనికి నా పానాలు పనికిరావు. ల్యాప్‌టాప్ కావాలి" అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. షోరూంకు ఫోన్ చేస్తే, సీజన్ కదా, మనుషులు ఖాళీగా లేరన్నారు. మూడో రోజు సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. బండిని గడ్డీ గాదం లేని చోట నిలబెట్టించి, ల్యాప్‌టాప్ తగిలించి ఏదో నొక్కాడు. ఇంజన్ దానంతటదే స్పీడు అందుకుంది. ముప్పావు గంట అలా నడిచింది. దీపం ఆరింది. పాత బలం తిరిగొచ్చింది.

పానా పట్టలేదు, పార్టు మార్చలేదు. కానీ మా తమ్ముడికి మూడు రోజులు పోయాయి. ముఠా వేరే ఊరికి వెళ్లిపోయింది. ముదిరిన నారే నాటాల్సి వచ్చింది. సర్వీసు చార్జీ, రానుపోను ఖర్చు అదనం. ఇంతకీ ఆ ముప్పావు గంటలో బండి ఏం చేసిందో ఆ కుర్రాడు చెప్పలేదు, మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

నేను పదో తరగతి చదివినవాణ్ని. తెలిసిన బస్సు మెకానిక్ ఒకాయన్ని కూర్చోబెట్టుకుని, బండితో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివించుకుని తెలుసుకున్నాను. తెలుసుకున్నాక నాకు కోపం వచ్చింది. యంత్రం మీద కాదు. ఇంత చిన్న సంగతిని రైతుకు చెప్పకుండా బండి అమ్మినందుకు.

మసిని పట్టేది ఎలా, కాల్చేది ఎలా

డీజిల్ పూర్తిగా కాలకపోతే మిగిలేది మసి. పాత బండ్లలో అది నల్లటి పొగగా బయటికి పోతుంది. కొత్త బండ్లలో ఆ దారిలో ఒక పింగాణీ దిమ్మ పెడుతున్నారు. దాన్ని డీపీఎఫ్ అంటున్నారు, అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. తేనెపట్టులా దాని నిండా సన్నటి గొట్టాలుంటాయి. ప్రతి గొట్టానికీ ఒక కొస మూసి ఉంటుంది. ఒకదానికి ఈ కొస మూస్తే, పక్కదానికి ఆ కొస. లోపలికి దూరిన పొగ నేరుగా బయటికి రాలేదు. గోడ గుండా పక్క గొట్టంలోకి పోవాలి. ఆ గోడకు కంటికి కనపడనంత చిన్న రంధ్రాలు. గాలి దూరుతుంది, మసి ఆగుతుంది. చెరకు రసాన్ని గుడ్డలో వడకట్టినట్టే.

గుడ్డయితే దులుపుకోవచ్చు. దీన్ని రోజూ విప్పలేం కాబట్టి మసిని లోపలే కాల్చేస్తారు. మసి అంటే బొగ్గే. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగున పట్టిన మసి, మంట బాగా తగిలినప్పుడు ఎర్రటి చుక్కల్లా మెరిసి కాలిపోవడం మనింట్లో చూసిందే. ఇక్కడ జరిగేదీ అదే. దీనికి రీజనరేషన్ అని పేరు. ఇది రెండు రకాలు.

మొదటిది, పని చేస్తుండగా దానంతటదే జరిగేది. ఫిల్టర్ కంటే ముందు ప్లాటినం వంటి ఖరీదైన లోహం పూసిన ఇంకో దిమ్మ ఉంటుంది. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడును నైట్రోజన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఆ వాయువు 250 నుంచి 400 డిగ్రీల వేడిలో మసిని నెమ్మదిగా హరిస్తుంది. దమ్ము, రోటావేటర్, లోతు దుక్కి వంటి ఇంజన్ మీద బరువు పడే పనుల్లో ఆ వేడి వస్తుంది. డ్రైవర్‌కు తెలియకుండానే ఫిల్టర్ శుభ్రపడుతుంది.

రెండోది కంప్యూటర్ చేయించేది. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడాను ఒక సెన్సర్ కొలుస్తుంటుంది. తేడా పెరిగితే మసి పేరుకుందని లెక్క. అప్పుడు ఇంకొంచెం డీజిల్‌ను అదనంగా చిమ్ముతుంది. అది ఇంజన్ బలానికి కాదు. పొగతో పాటు వచ్చి ఆ మొదటి దిమ్మలో మండి వేడి పుట్టించడానికి. వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి మసి కాలిపోతుంది. బండి నడుస్తుండగా అయితే ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. బండిని నిలబెట్టి చేయిస్తే ఇంకొంచెం ఎక్కువ. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్‌తో చేయించింది ఇదే.

మరి మా తమ్ముడి బండికి ఏం జరిగింది? దాళ్వా కోతలయ్యాక అది గడ్డి కట్టల మిషన్‌కు వెళ్లింది. ఎండు గడ్డిలో పని. ఒక రోజు దీపం వెలిగి, గొట్టం వైపు నుంచి వేడి కొట్టింది. డ్రైవర్ భయపడి రీజనరేషన్ ఆపే బటన్ నొక్కాడు. ఆ బటన్ పెట్టిందే అందుకు. చుట్టూ ఎండు గడ్డి ఉన్నప్పుడు 600 డిగ్రీల వేడి పుట్టిస్తే బండీ పోతుంది, చేనూ పోతుంది. అతను చేసింది సరైన పనే. కానీ సాయంత్రం గడ్డి లేని చోటికి తెచ్చి ఆ పని పూర్తి చేయించాలని అతనికి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే బండెక్కగానే బటన్ నొక్కడం అలవాటైపోయింది.

ఆ తర్వాత వేసవి అంతా ట్రక్కుతో ఇటుకలు, మట్టి, నీళ్ల ట్యాంకరు. అరకిలోమీటరు తోలడం, దించేదాకా ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం. అలాంటి పనిలో పొగకు 200 డిగ్రీల వేడి రావడమే కష్టం. దానంతటదే కాలే మార్గం మూసుకుంది. కంప్యూటర్ కాల్చే మార్గాన్ని బటన్ మూసింది. దమ్ములకు దిగేసరికి ఫిల్టర్ నిండిపోయింది.

అంత మసి ఒక్కసారిగా అంటుకుంటే ఆ వేడికి పింగాణీ దిమ్మే పగలొచ్చు. అందుకే ఒక హద్దు దాటాక కంప్యూటర్ తనంతట తాను కాల్చదు. బలం తగ్గించి, మెకానిక్ వచ్చేదాకా ఆపుతుంది. ఇంకా ముదిరితే ఫిల్టర్ విప్పి బయట శుభ్రం చేయించాల్సిందే, లేదా మార్చాల్సిందే. యంత్రాన్ని కాపాడే లెక్క సరిగ్గానే వేశారు. నారు ముదిరే లెక్క ఎవరూ వేయలేదు.

పొగ మాత్రం పోవాల్సిందే

మన సంఘంలోనే కొందరు మిత్రులు ఈ నిబంధనలే వద్దంటున్నారు. పట్నాల గాలి కోసం రైతు నెత్తిన బరువు పెడతారా అని అడుగుతున్నారు. నేను ఈ మాటతో ఏకీభవించను.

ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ని. మన ట్రాక్టర్లకు క్యాబిన్ ఉండదు. గొట్టం డ్రైవర్ ముఖం ముందరే. దమ్ము చేసి వచ్చి తుండుగుడ్డతో ముక్కు తుడిస్తే గుడ్డ నల్లబడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. ఆ పొగ పట్నం వాళ్ల కంటే ముందు పీల్చేది ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు, కోత మిషన్ వెనక నడిచేవాడు, ఆయిల్ ఇంజన్ పక్కన కాపలా పడుకున్నవాడు. వాళ్లలో ఎక్కువ మంది మన సభ్యులే, మన పిల్లలే. ఈ ఫిల్టర్ మొదట కాపాడేది మనల్నే.

కాబట్టి మన తగువు ఫిల్టర్‌తో కాదు. దాన్ని ఏ షరతుల మీద మనకు అంటగడుతున్నారన్నదే తగువు.

రేపు అందరి గుమ్మంలోకి

ఇవాళ ఇది 50 హార్స్ పవర్ పైబడిన కొత్త బండ్లు కొన్నవాళ్ల గొడవ. ట్రాక్టర్ల పొగ నిబంధనలకు కేంద్రం 2020 సెప్టెంబరులో ట్రెమ్ 4, ట్రెమ్ 5 అని పేర్లు పెట్టింది. వాయిదాల మీద వాయిదాలు పడి, 2023 జనవరి 1 నుంచి 50 పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4 అమల్లోకి వచ్చింది. 37 నుంచి 56 కిలోవాట్ల తరగతిలో, అంటే సుమారు 50 నుంచి 75 హార్స్ పవర్ బండ్లలో, ఒక కిలోవాట్-గంట పనికి 0.4 గ్రాముల దాకా ఉండే మసి హద్దును 0.025 గ్రాములకు తగ్గించారు. పదహారో వంతు. ఆ తరగతికి ఈ ఫిల్టర్లు రావడం అప్పుడే మొదలైంది.

ట్రెమ్ 5 ఇంకో మెట్టు. మసిని తూకమే కాదు, రేణువులను లెక్కపెట్టి మరీ చూస్తుంది. ఆ లెక్కలో నెగ్గాలంటే ఫిల్టర్ తప్ప దారి దొరకడం కష్టం. పైగా అది సుమారు 25 హార్స్ పవర్ నుంచి మొదలవుతుంది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే 30 నుంచి 50 లోపు బండ్లన్నీ దాని కిందికి వస్తాయి. మొదట 2024 ఏప్రిల్ అన్నారు, తర్వాత 2026 ఏప్రిల్ అన్నారు. గడువు ఎన్నిసార్లు జరిపినా అది పోయేది కాదు. వాయిదా కోసం దరఖాస్తు పెట్టుకుని కూర్చుంటే, చివరికి వాళ్ల షరతుల మీదే వస్తుంది. వచ్చేలోగా మన షరతులు మనం పెట్టాలి.

తాళం ఎవరి చేతిలో ఉండాలి

బండి మనది. అప్పు మనది. ఫిల్టర్‌కు వెల కట్టింది మనం. దానిలోని మసిని కాల్చమని చెప్పే తాళం మాత్రం షోరూం ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. కొన్ని బండ్లలో డాష్‌బోర్డు మీద బటన్ నొక్కి, నిలబెట్టి కాల్చుకునే వీలుంది. అది అన్ని బండ్లలో, అన్ని దశల్లో లేదు.

కంపెనీల వాదన ఒకటుంది. సాఫ్ట్‌వేర్ రైతు చేతికిస్తే పొగ అదుపులన్నీ తీసేస్తాడు, బలం పెంచుకుంటాడు అంటారు. ఈ భయం పూర్తిగా ఒట్టిదని నేను అనను. కానీ ఇంజన్ లెక్కలు మార్చడం వేరు, తప్పు ఎక్కడుందో చదవడం, మసిని కాల్చమని ఆజ్ఞ ఇవ్వడం వేరు. మొదటిది మనం అడగడం లేదు. రెండోది పొగను తగ్గించే పనే. దాన్ని తాళం వేసి పెట్టడం వల్ల గాలికి ఒరిగేదేమీ లేదు, సర్వీసు బిల్లుకు తప్ప.

నిజానికి ఫిల్టర్లు కోసి పారేసే పరిస్థితి తెస్తున్నది ఆ తాళమే. ఫిల్టర్ తీసేసి, కంప్యూటర్‌ను ఏమార్చి ఇస్తామనే వాళ్లు టౌన్లలో తయారవుతారు. మూడు రోజులు నష్టపోయిన రైతుకు ఆ మాట తియ్యగా వినపడుతుంది. మా తమ్ముడూ ఆ మాటే అడిగాడు. వద్దన్నాను. వారంటీ పోతుంది, చట్టం ఒప్పుకోదు, నల్ల పొగ మళ్లీ మన ముఖానికే కొడుతుంది. కానీ వద్దని చెప్పినవాడిగా, వేరే దారి చూపించే బాధ్యత కూడా నాదే. అందుకే సంఘాన్ని అడుగుతున్నాను.

ఈ పోరాటం మనమే మొదలుపెట్టింది కాదు. అమెరికాలో వేల ఎకరాల రైతులకూ ఇదే బాధ. అక్కడ కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాల కంపెనీలు రిపేరుకు కావలసిన పార్టులు, పనిముట్లు, సాఫ్ట్‌వేర్, పుస్తకాలు యజమానికీ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలన్నది ఆ చట్టం. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్‌లో సమాచారం చూసుకోవచ్చు. చేలో ఆగిన బండి దానితో కదలదు. హక్కుగా రాయించుకోవాలి.

సంఘం అడగవలసినవి

ఒకటి: రీజనరేషన్ చేయించే వీలు, తప్పుల కోడ్ చదివే వీలు ప్రతి ట్రాక్టర్ డాష్‌బోర్డు మీదే ఉండాలి. ప్రమాదం లేని దశల్లో రైతే బండిని నిలబెట్టి కాల్చుకోగలగాలి.

రెండు: ఆ దశ దాటితే కావలసిన పరికరం, సాఫ్ట్‌వేర్, శిక్షణ ఊరి మెకానిక్‌లకు న్యాయమైన ధరకు అందాలి. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ చదివే పిల్లలకు ఇది నేర్పాలి.

మూడు: సీజన్‌లో ఫిర్యాదు చేసిన 24 గంటల్లో మనిషి రావాలి. రాకపోతే రోజుకు ఇంత అని పరిహారం కంపెనీ చెల్లించాలి.

నాలుగు: ఫిల్టర్ ధర, శుభ్రం చేసే ఖర్చు, వారంటీ గంటలు బండి అమ్మేముందే కాగితం మీద రాసివ్వాలి.

ఐదు: దీపాల అర్థం, బటన్ల వాడకం తెలుగులో రాసివ్వాలి. బండి ఇచ్చేరోజు యజమానికే కాదు, తోలేవాడికి కూడా చెప్పాలి.

ఆరు: ఫిల్టర్ వల్ల పెరిగే ధర సన్నకారు, కౌలు రైతు మీద పడకుండా ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలి. గాలి అందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్క రైతుదే ఎలా అవుతుంది?

అంతవరకు మన జాగ్రత్త

పసుపు దీపాన్ని నిర్లక్ష్యం చేయొద్దు. అది బండి మొరాయింపు కాదు, బండి అడిగే అరగంట సెలవు. గడ్డివాము, కళ్లం, కొట్టాం దగ్గర కాకుండా ఖాళీ నేల మీద ఆ అరగంట ఇవ్వండి. మధ్యలో ఇంజన్ ఆపకండి. ఆపే బటన్ గడ్డిలో ఉన్నప్పుడే నొక్కి, బయటికి రాగానే తీసేయండి. వాడకం లేకుండా గంటల తరబడి ఇంజన్ నడపొద్దు. వారంలో ఒకసారైనా బరువు పని చేయించండి.

ఇంజన్ ఆయిల్ పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. మసి కాలిపోతుంది కానీ, ఆయిల్‌లోని మందుల బూడిద కాలదు. అది ఫిల్టర్‌లో మిగిలిపోతుంది. కొన్ని వేల గంటలకు ఒకసారి విప్పి తీయించాల్సింది ఆ బూడిదనే. బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వాడితే ఆ రోజు ఆలస్యంగా వస్తుంది. ఆయిల్ పుల్ల రోజూ తీసి చూడండి. మట్టం తగ్గకుండా పెరిగితే, డీజిల్ వాసన వస్తే, రీజనరేషన్ కోసం చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అనుమానించి మార్పించండి. కిరోసిన్ కలిపిన డ్రమ్ము డీజిల్ పోయకండి. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వచ్చే డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 10 వంతులకు మించకూడదు. కల్తీతో గంధకం పెరిగితే ముందున్న దిమ్మ పాడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్లు సరిగ్గా లేకపోయినా మసి ఎక్కువ వస్తుందని గుర్తుంచుకోండి.

మా తమ్ముడు ఇప్పుడు ఒక పని చేశాడు. పెయింటర్‌ను పిలిచి బండి మడ్‌గార్డు లోపలి వైపు, డ్రైవర్‌కు కనపడేలా మూడు లైన్లు రాయించాడు: పసుపు దీపం వస్తే గడ్డి లేని చోట నిలుపు. ఇంజన్ ఆపకు. బటన్ తీసెయ్. రాయించడానికి రెండొందలైంది. లక్షలు పోసి కొన్న బండి మీద ఆ మూడు తెలుగు లైన్లు కంపెనీ రాయలేకపోయింది. వచ్చే మండల మహాసభల్లో ఈ తీర్మానం పెట్టండి. మీ ఊళ్లోనూ ఇలా ఆగిన బండి ఉంటే తేదీ, గంటల రీడింగు, బిల్లు రాసి పంపండి. మన మాటకు బలం ఆ కాగితాల్లోనే ఉంది.